వెయ్యి పదాలు బట్టీ పట్టినా వెర్బల్ స్కోరు ఎందుకు పెరగడం లేదు?

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమం. విదేశాల్లో పీజీ ప్రవేశాలకు రాసే జీఆర్ఈ పరీక్ష కోసం వెయ్యికి పైగా ఆంగ్ల పదాలను తెలుగు అర్థాలతో కంఠస్థం చేశాను. అయినా నమూనా పరీక్షల్లో వెర్బల్ (ఆంగ్ల భాషా విభాగం) స్కోరు 143 దాటడం లేదు. ఇంకో వెయ్యి పదాలు నేర్చుకోవాలా?

జవాబు: కొత్త జాబితా జోలికి ఇప్పుడే వెళ్లకండి. 2011 ఆగస్టుకు ముందు విడి పదాలకు వ్యతిరేకార్థాలను నేరుగా అడిగేవారు కాబట్టి బట్టీ కొంతవరకు గట్టెక్కించేది. ఆ ప్రశ్నలను తొలగించి ఇన్నేళ్లయినా, సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారే జిరాక్సు జాబితాలు మాత్రం ఆ పాత పరీక్షకే సిద్ధం చేస్తున్నాయి. ఇప్పుడు వాక్యంలోని ఖాళీని సందర్భాన్ని బట్టి పూరించాలి. సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లోనైతే, వాక్యానికి ఒకే భావాన్నిచ్చే రెండు పదాలను ఆరింటిలోంచి ఏరాలి. ఒకటి తప్పినా మార్కు రాదు.

మీలాంటి విద్యార్థులను ఎక్కువగా దెబ్బతీసేవి అరుదైన పదాలు కావు, తెలుసనుకున్న పదాలేనని నా అభిప్రాయం. ‘లోన్ శాంక్షన్ అయింది’ అని మనం రోజూ అంటాం. పత్రికలు ఒక దేశంపై ‘ఆంక్షలు’ అని రాసేదీ ఆ శాంక్షన్ గురించే. పరీక్షలో ‘క్వాలిఫై’ కావడం మనకు తెలుసు కానీ, ఒక వాదనను క్వాలిఫై చేయడమంటే దానికి పరిమితులు చేర్చడమని చాలామందికి తెలియదు. ‘టెంపర్’ అనగానే కోపమే గుర్తొస్తుంది. క్రియగా అది తీవ్రతను తగ్గించడం.

ఆహారం, విహారం, సంహారం, పరిహారం అన్నింటికీ ధాతువు ఒక్కటే, ఉపసర్గలే అర్థాన్ని మార్చాయి. ఆంగ్లంలోనూ ‘బెనె’ మంచిని, ‘మాల్’ చెడును సూచిస్తాయి కనుక బెనెవొలెంట్, మాలెవొలెంట్ జంటగా గుర్తుంటాయి. అయితే ఊహను మరీ నమ్మవద్దు: ఎనర్జీని తలపించే ‘ఎనర్వేట్’కు అర్థం నీరసపరచడం.

రోజుకు పది పదాలు చాలు. ఒక్కో పదానికి నిఘంటువులోని ఉదాహరణ వాక్యాన్ని చదివి, మీ సొంత వాక్యాన్ని రాసుకోండి. మరునాడు, మూడో రోజు, వారం తర్వాత అర్థాన్ని మూసిపెట్టి గుర్తు చేసుకోండి. తెలుగు అర్థం రాసుకోవడం తప్పు కాదు, అక్కడితో ఆగిపోవడమే చిక్కు. దీనితోపాటు ఒక ఆంగ్ల పత్రిక సంపాదకీయాన్ని రోజూ చదివి, రచయిత ఎక్కడ సమర్థించాడో, ఎక్కడ మెలిక పెట్టాడో గుర్తించండి. రెండు నెలలయ్యాక, జీఆర్ఈ నిర్వహించే ఈటీఎస్ సంస్థ ఉచితంగా ఇచ్చే పవర్‌ప్రెప్ నమూనా పరీక్షల్లో ఒకటి రాసి చూసుకోండి.

ఈలోగా, మీరు దరఖాస్తు చేయదలచిన విశ్వవిద్యాలయాలు అసలు జీఆర్ఈ అడుగుతున్నాయో లేదో వాటి వెబ్‌సైట్లలో చూడండి. చాలా విభాగాలు దానిని ఐచ్ఛికం చేశాయి.