లక్సెంబర్గ్ వస్తున్న మా చెల్లెలి కూతురికి

చి. స్రవంతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ ఆఫర్ సంగతి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ల వ్యాపారంలో అమెరికా తర్వాత లక్సెంబర్గే కాబట్టి, హైదరాబాద్‌లో ఫండ్ అకౌంటింగ్ చేసేవాళ్లకి ఇక్కడి నుంచి పిలుపు రావడం వింతేమీ కాదు. సిటిజన్‌షిప్ ఎన్నాళ్లకి వస్తుందని అడిగావట. అయిదేళ్లు. మేం వచ్చిన రోజుల్లో ఏడేళ్లు ఉండేది, 2017 చట్టంతో అయిదుకి తగ్గించారు. అయితే ఆ అయిదేళ్లు ఏ రోజు నుంచి లెక్కలోకి వస్తాయన్నది ముందు తెలుసుకో.

టూరిస్ట్ వీసా మీద వచ్చేసి ఇక్కడ మార్చుకోవచ్చని ఎవరైనా చెప్తే నమ్మకు. ముందు ఇండియాలో ఉండగానే ఇక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖకి అప్లై చేసి, తాత్కాలిక నివాస అనుమతి పత్రం తెప్పించుకోవాలి. అది చేతికొచ్చాక డి వీసా, అంటే మూడు నెలలకి మించి ఉండడానికి ఇచ్చే వీసా, ఆ తర్వాతే విమానం. బ్లూ కార్డ్ అంటే మంచి చదువు, మంచి జీతం ఉన్నవాళ్లకి యూరప్ దేశాలిచ్చే ఉద్యోగ పర్మిట్. జీతం ఆ స్థాయికి సరిపోతే ఆ దారిలోనే అడుగు, అల్లుడిని కూడా నీతోపాటు తీసుకురావచ్చు. ఫ్యామిలీ పర్మిట్ మీద వచ్చినా ఆయన ఉద్యోగం చేసుకోవచ్చు.

బయలుదేరే ముందే కాగితాలు సరిచేసుకో. మన దగ్గర చాలామంది పాత బర్త్ సర్టిఫికెట్లలో బిడ్డ పేరే ఉండదు. తల్లి పేరు, తండ్రి పేరు, "ఆడ" అని ఉంటుంది, అంతే. నీది అలా ఉంటే మీసేవలో పేరు చేర్పించు. ఇంటిపేరు టెన్త్ మెమోలో ఒక్క అక్షరంగా, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటే, ఆ ఇద్దరూ ఒక్కరేనని ఇక్కడి క్లర్క్‌కి నచ్చచెప్పడం మహా టెన్షన్. బర్త్ సర్టిఫికెట్‌కీ పెళ్లి సర్టిఫికెట్‌కీ అపోస్టిల్, అంటే కాగితం అసలైనదేనని విదేశాల్లో చెల్లేలా మన ప్రభుత్వం వేసే ముద్ర, అక్కడే వేయించుకుని రా. సిటిజన్‌షిప్ అప్పుడు కూడా అవే అడుగుతారు.

దిగిన మూడు రోజుల్లో కమ్యూన్‌కి వెళ్లి పేరు రాయించుకోవాలి. కమ్యూన్ అంటే మన మునిసిపాలిటీ లాంటిదే. ఆ తర్వాత మెడికల్ చెకప్, టీబీ పరీక్ష, మూడు నెలల్లోపు రెసిడెన్స్ పర్మిట్‌కి దరఖాస్తు. వీటిలో కమ్యూన్ రిజిస్టర్ మాత్రం ప్రాణం. నువ్వు ఇక్కడ నివసిస్తున్నావనడానికి అదే సాక్ష్యం, ఆ అయిదేళ్ల లెక్కా దాన్ని బట్టే. ఇక్కడ అద్దెలు చూస్తే గుండె గుభేలుమంటుంది కాబట్టి కొంతమంది చౌకగా గదులిస్తారు, కానీ ఆ అడ్రస్ మీద పేరు రాయించుకోవద్దంటారు. అలాంటి ఇల్లు ఎంత చవకైనా వద్దు. ఇల్లు మారితే వెంటనే కొత్త కమ్యూన్‌లో చెప్పు. మధ్యలో ఖాళీ పడిందంటే తర్వాత ఏ జీతం స్లిప్పూ దాన్ని పూడ్చదు. ముఖ్యంగా దరఖాస్తుకి ముందు చివరి ఏడాది నివాసం తెగకుండా ఉండాలి.

ఆఫీసులో చేరగానే ఒక సలహా ఇస్తారు చూడు: "తియోన్‌విల్‌లోనో, ట్రియర్‌లోనో ఇల్లు తీసుకో, సగం డబ్బు మిగులుతుంది" అని. మొదటిది సరిహద్దు అవతల ఫ్రాన్స్‌లో, రెండోది జర్మనీలో. రోజూ ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియంల నుంచి రెండు లక్షలమందికి పైగా ఇక్కడికి ఉద్యోగానికి వచ్చి వెళ్తారు. వాళ్లలో చాలామంది యూరప్ పౌరులు, వాళ్లకది చెల్లుతుంది. నీకైతే ఆ దేశం పర్మిట్ వేరే కావాలి, పైగా అక్కడ నిద్రపోయిన ఏళ్లు ఇక్కడి లెక్కలోకి రావు. నగరంలో అద్దె భరించలేకపోతే దేశం లోపలే ఎష్ వైపో ఎటెల్‌బ్రుక్ వైపో చూడు. 2020 మార్చి నుంచి రైళ్లూ బస్సులూ ట్రామూ అన్నీ ఉచితం, దూరమైనా ఖర్చు లేదు.

ఇక భాష. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఆఫీసులో ఇంగ్లీషు, బేకరీలో ఫ్రెంచ్, ఉత్తరాలు ఫ్రెంచ్‌లోనో జర్మన్‌లోనో. లక్సెంబర్గిష్ లేకుండానే ఏళ్లు హాయిగా గడిచిపోతాయి, కానీ పౌరసత్వానికి అడిగేది మాత్రం ఆ భాషే. ఫ్రెంచ్ ఎంత బాగా వచ్చినా ఈ పరీక్షకి పనికిరాదు. మాట్లాడడం ఏ2 స్థాయిలో (రోజువారీ చిన్న చిన్న మాటలు), విని అర్థం చేసుకోవడం దానికి ఒక మెట్టు పైన బీ1 స్థాయిలో ఉండాలి. రాత పని లేదు. పరీక్షలో ఒక విషయం మీద కబుర్లు చెప్పిస్తారు, ఒక బొమ్మ ముందు పెట్టి వర్ణించమంటారు. వంటింటి బొమ్మ వస్తే ఆవిడ ఏం కోస్తోంది, పొయ్యి మీద ఏముంది, కిటికీలోంచి ఏం కనిపిస్తోంది అని గుక్క తిప్పుకోకుండా చెప్పగలగాలి. వ్యాకరణం పుస్తకం బట్టీ పడితే అది రాదు. పక్కింటి ముసలావిడకి రోజూ "మొయెన్" (ఇక్కడి నమస్కారం) అని పలకరించి, నాలుగు మాటలు ఆవిడ చేత మాట్లాడిస్తే వస్తుంది. ఇరవై ఏళ్లు ఉన్నవాళ్లకి పరీక్ష లేదు, ఇరవైనాలుగు గంటల క్లాసు చాలు. నువ్వు అంతవరకు ఆగుతావా?

ఉద్యోగం చేసేవాళ్లకి ఈ భాష నేర్చుకోవడానికి జీతంతో మొత్తం 200 గంటల సెలవు ఉంది. ఒకే కంపెనీలో ఆరు నెలలు పూర్తయ్యాక అడగొచ్చు. మేనేజర్ మొహం ముడుచుకున్నా అడుగు, చట్టం ఇచ్చిందే. క్లాసులకి ఐఎన్‌ఎల్‌ఎల్ అనే ప్రభుత్వ భాషా సంస్థలో సీటు తొందరగా దొరకదు, మొదటి ఏడాదే పేరు ఇచ్చేయి.

భాష పరీక్షతోపాటు దేశం చరిత్ర, రాజ్యాంగ వ్యవస్థ, హక్కుల మీద మరో ఇరవైనాలుగు గంటల కోర్సు ఉంటుంది, కావాలంటే దాని బదులు పరీక్ష రాయొచ్చు. అది పెద్ద విషయం కాదు. దరఖాస్తు మళ్లీ కమ్యూన్‌లోనే ఇవ్వాలి, నిర్ణయం న్యాయశాఖ మంత్రిది. డబ్బు కడితే పాస్‌పోర్ట్ ఇప్పిస్తామనే ఏజెంట్ల జోలికి పోకు. ఈ దేశం పౌరసత్వం అమ్మదు. అమ్మిన మాల్టాని 2025 ఏప్రిల్‌లో యూరప్ కోర్టే తప్పుపట్టింది.

అన్నిటికంటే ముఖ్యంగా మీరిద్దరూ కూర్చుని ఆలోచించుకోవాల్సింది ఇంకొకటుంది. లక్సెంబర్గ్ 2009 నుంచి రెండు పౌరసత్వాలు ఒప్పుకుంటుంది, ఇండియా ఒప్పుకోదు. ఇక్కడి పౌరసత్వం తీసుకున్న రోజే మనది పోతుంది, పాస్‌పోర్ట్ సరెండర్ చేయాలి. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డుతో రాకపోకలకి ఇబ్బంది లేదు కానీ ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనలేవు. వారసత్వంగా వచ్చేది వేరు, కాబట్టి మీ నాన్న పొలం గురించి భయం అక్కర్లేదు. అల్లుడు పొలం కొనాలని చూస్తున్నాడని మీ అమ్మ అంది, అది మాత్రం ఆలోచించుకోండి. మన పాస్‌పోర్ట్ వదులుకోవడం ఇష్టం లేకపోతే, అయిదేళ్ల తర్వాత దీర్ఘకాల నివాసి హోదా తీసుకుని ఉండిపోవచ్చు. దానికి మాత్రం, బ్లూ కార్డ్ కాక మామూలు పర్మిట్ మీద ఉంటే, దేశం బయట ఆరు నెలలు వరసగా గడపకూడదు, అయిదేళ్లలో మొత్తం కలిపి పది నెలలు దాటకూడదు. నన్నడిగితే, మొదటి ఏడాది తీర్మానం చేసుకోకండి. భాష మాత్రం ఎలాగూ మొదలుపెట్టు.

కాంట్రాక్ట్ సంతకం పెట్టేముందు నాకు వాట్సాప్ చేయి. జీతం అంకె, ఉద్యోగం పేరు బ్లూ కార్డ్‌కి కుదిరేలా రాశారో లేదో చూసి చెప్తాను.

ఇట్లు,
పెద్దమ్మ