ఇంట్లో కారు కడుక్కునే సామగ్రి గురించి మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన జాబితా చదివాను. ప్రెషర్ వాషరు, పాలిషింగ్ మెషిను, పెయింటు మీద రక్షణపూతగా చల్లే సిరామిక్ స్ప్రే, డ్యాష్‌బోర్డు పాలిష్, టైర్లకు పూసే మందు అన్నీ అందులో ఉన్నాయి గానీ, కారు ఒంటిని నేరుగా తాకే గుడ్డ గురించి ఒక్క మాట కూడా లేదు. విజయవాడ ఆటోనగర్‌లో పెయింటింగ్ షెడ్డు నడుపుతూ ఇన్నేళ్లుగా నేను చూసిన కార్లలో, రంగు కళ తప్పినవాటిలో ఎక్కువ భాగం పాలిష్ చాలక కళ తప్పినవి కావు, రోజూ తుడిచిన గుడ్డ వల్ల కళ తప్పినవి. అందువల్ల సీసాల మీద పెట్టదలచిన డబ్బులో సగం తీసి గుడ్డల మీద, బకెట్ల మీద పెట్టమని ముందుగా చెబుతున్నాను.

దీనికి కారణం నీకు తెలియాలి. రేకు మీద ప్రైమరు అనే తొలిపూత, రంగు, ఆపైన క్లియరు అనే రంగులేని పూత అన్నీ కలిపి చూసినా కంపెనీ పెయింటు మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్యనే ఉంటుంది (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). అందులో పైనున్న క్లియరు పొర సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు. మనకు కనిపించే మెరుపంతా ఆ పలచని పొరదే. హైదరాబాదులో మీ నిజాంపేట వైపు రోడ్ల మీద లేచే దుమ్ములో ఇసుక, రాతిపొడి, కట్టడాల సిమెంటు కలిసి ఉంటాయి. ఆ ఇసుక రేణువు క్లియరు కంటే గట్టిది. దాని మీద పొడి గుడ్డ వేసి రుద్దితే మా షెడ్డులో పుట్టీని ఎమరీ కాగితంతో అరగదీసినట్టే అవుతుంది. నీది నల్ల కారు కనుక ఇది మరీ తొందరగా బయటపడుతుంది. రాత్రిపూట సెల్లారులో బానెట్ మీదికి మొబైల్ టార్చి వేసి చూడు. వెలుగు పడినచోట దాని చుట్టూ సన్నని గీతలు గుండ్రంగా తిరిగి కనిపిస్తే, అవి తుడవడం వల్ల పడిన గీతలేనని గుర్తుపట్టు.

మీ అపార్టుమెంటులో తెల్లవారుజామున కార్లు తుడిచే అబ్బాయిని తప్పుపట్టవద్దు. నెలకు అతనికి ముట్టే డబ్బుకు, ఉన్న సమయానికి ఒక బకెట్టు నీళ్లతో వరసగా అన్ని కార్లూ తుడవక తప్పదు. మొదటి కారు మట్టి నాలుగో కారు మీదికి వస్తుంది. అతని జీతం అతనికి ఇస్తూనే, అద్దాలు, చక్రాలు మాత్రం చూడమని, బాడీ మీద గుడ్డ వేయవద్దని మర్యాదగా చెప్పు. కారు మీద దుమ్ము నాలుగు రోజులు ఊరికే ఉండిపోతే నష్టం లేదు, దాన్ని పొడిగా కదిలిస్తేనే నష్టం. మెత్తగా ఉంటాయని చాలామంది కొనే కుచ్చుల డస్టరు కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

ఇక గుడ్డల సంగతి. బజారులో దొరికే పసుపురంగు గుడ్డ, పాత బనియన్లు, లుంగీ ముక్కలు వద్దు. మైక్రోఫైబరు కొను, అయితే మైక్రోఫైబరు అని రాసి ఉన్నదల్లా ఒకటి కాదు. పాలిస్టరు 80 పాళ్లు, పాలిఅమైడు 20 పాళ్లు ఉన్నవి మన పనికి చాలు. 70, 30 పాళ్లలో ఉన్నవి ఇంకా మెత్తగా ఉంటాయి. గుడ్డ బరువును జీఎస్ఎం అని రాస్తారు, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అని. లోపలి భాగాలకు 300 నుంచి 350 సరిపోతుంది. వ్యాక్స్ తుడవడానికి 400 నుంచి 500 మధ్యది కావాలి. తడి ఆరబెట్టడానికి మెలితిప్పిన పోగులతో నేసిన పెద్ద తువ్వాలు విడిగా దొరుకుతుంది, దాని జీఎస్ఎం 800 పైబడి ఉంటుంది. సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల పొడవు ఉన్నది ఒకటి కొంటే మీ కారు మొత్తానికి సరిపోతుంది.

దుకాణంలో గుడ్డను పరీక్షించడం తేలిక. పొడి అరచేతి మీద దాన్ని నెమ్మదిగా లాగితే, పోగులు సరిగ్గా చీలిన మైక్రోఫైబరు చర్మపు గరుకును పట్టుకుంటూ వస్తుంది. జారిపోయే గుడ్డ నీటిని పీల్చకుండా ముందుకు నెడుతుంది. అంచుల కుట్టు చూడు. గట్టి నైలాను దారంతో కుట్టినది క్లియరు మీద గీత పెడుతుంది కనుక అంచు కుట్టు లేనిదో, మెత్తటి పట్టీ కుట్టినదో తీసుకో. ఇంటికి తెచ్చాక మూలనున్న కంపెనీ చీటీని కత్తిరించి, ఒకసారి ఉతికిన తరువాతే వాడు.

కడగడానికి స్పాంజి వద్దు. దాని ముఖం బల్లపరుపుగా ఉండడంతో రేణువు లోపలికి పోయే దారి లేక పెయింటుకూ స్పాంజికీ మధ్య నలుగుతుంది. పొడవైన కుచ్చులున్న వాష్ మిట్ అనే చేతి తొడుగులో రేణువులు కుచ్చుల మధ్యకు పోతాయి. 15 లేక 20 లీటర్ల బకెట్లు రెండు, వేర్వేరు రంగులవి తీసుకో. ఒకదానిలో షాంపూ నీళ్లు, రెండోదానిలో మంచినీళ్లు. మిట్‌ను మంచినీళ్లలో జాడించకుండా మళ్లీ షాంపూ నీళ్లలో ముంచకూడదు. అడుగున పెట్టే జాలీ ఉంటే దిగిన మట్టి మళ్లీ పైకి లేవదు. చక్రాలకు మూడో బకెట్టు, వేరే గుడ్డలు ఉండాలి. బ్రేకుల నుంచి రాలిన ఇనుప పొడి పట్టిన గుడ్డ బాడీ దరిదాపులకు రాకూడదు. పైనుంచి మొదలుపెట్టి కిందికి రా, తలుపుల దిగువ భాగంలోనే మట్టి ఎక్కువ ఉంటుంది కాబట్టి దాన్ని చివరికి వదిలిపెట్టు.

ప్రెషర్ వాషరు మంచి వస్తువే. సొంత ఇల్లు, వాకిలి ఉన్నవాళ్లకు 100 నుంచి 130 బార్ల పీడనంతో నీళ్లు కొట్టే యంత్రం సరిపోతుంది. నాజిలును బాడీకి కనీసం ఒక అడుగు దూరంలో పట్టుకోవాలి, నీటిని సన్నని సూటి ధారగా కాక విసనకర్రలా పరుచుకునేలా పెట్టుకోవాలి, ఇంజను గదిలోని వైర్ల అతుకుల మీద ఎట్టి పరిస్థితుల్లోనూ కొట్టకూడదు. అయితే నువ్వుండేది అపార్టుమెంటు. సెల్లారులో నీళ్లు పారితే అసోసియేషను ఊరుకోదు, వేసవిలో ట్యాంకరు నీళ్లు కొనుక్కునే చోట నీ మనసూ ఒప్పుకోదు. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో కార్లు కడిగేవారికి 5,000 రూపాయల జరిమానా ప్రకటించిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. అందుకని ఆ డబ్బు మిగుల్చుకుని, తోట మొక్కలకు మందు కొట్టే తరహాలో చేత్తో గాలి కొట్టే రెండు లీటర్ల స్ప్రే పంపు కొనుక్కో. దానితోపాటు రిన్స్‌లెస్ వాష్ అనే ద్రవం, అంటే కడిగిన తరువాత మళ్లీ నీళ్లు పోయనక్కరలేనిది తెప్పించుకో. ఆప్టిమమ్ నో రిన్స్ అనే రకాన్ని కడగడానికి 256 పాళ్ల నీటికి ఒక పాలు కలుపుతారు, అంటే పది లీటర్ల బకెట్టుకు దాదాపు 40 మిల్లీలీటర్లు.

రిన్స్‌లెస్ వాష్ వాడే పద్ధతి ఇది. ముందు ఆ నీళ్లను పంపుతో ఒక తలుపు మీదో, బానెట్ మీదో ధారాళంగా చల్లి ఒకటి రెండు నిమిషాలు నాననివ్వాలి. తరువాత బకెట్టులో నానిన మైక్రోఫైబరు గుడ్డను నాలుగు మడతలు పెట్టి, బరువు వేయకుండా ఒకే దిక్కుగా తుడవాలి. మురికైన ముఖాన్ని తిప్పి కొత్త ముఖం తెరవాలి. అన్ని ముఖాలూ అయిపోతే ఆ గుడ్డను పక్కన పడేసి ఇంకొకటి తీసుకోవాలి. ఈ పద్ధతికి ఏడెనిమిది గుడ్డలు కావాలి, అందుకే డబ్బు వాటి మీద పెట్టమన్నాను. వానాకాలంలో ఊరికి వెళ్లి బురదతో వచ్చినప్పుడు మాత్రం ఇది పనికిరాదు. అప్పుడు సర్వీసు సెంటరులో ముందు నీళ్లు కొట్టించాలి. అక్కడ అడుగుభాగం మీద డీజిలు కొడతామంటే వద్దని చెప్పు, అది కీళ్ల దగ్గర కుదుపు తగ్గించే రబ్బరు బుష్‌లను ఉబ్బేలా చేసి పాడు చేస్తుంది.

షాంపూ విషయంలో పీహెచ్ 7కు దగ్గరగా, అంటే ఆమ్లమూ క్షారమూ కాకుండా తటస్థంగా ఉన్న కారు షాంపూయే కొను. బట్టల సబ్బు పొడి క్షారగుణం కలది. గిన్నెల లిక్విడు జిడ్డును వదిలించడానికే తయారైనది కనుక పెయింటు మీద నువ్వు పూసిన వ్యాక్సును కూడా వదిలిస్తుంది. నురగ ఎక్కువ రావాలని చెప్పిన కొలతకు మించి కలపడం వల్ల లాభమేమీ లేదు. లేబులు లేని క్యానుల్లో అమ్మే షాంపూ జోలికి పోవద్దు.

నీ జాబితాలో లేని అసలు సమస్య నీళ్లు. మీ బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. ఎండలో నిలిపిన కారు మీద ఆ చుక్క ఆరిపోతే తెల్లని వలయం మిగులుతుంది, రోజుల తరబడి వదిలేస్తే అది క్లియరులోకి దిగి మచ్చ పడుతుంది. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లు వృథా అవుతున్నాయని వాటితో కారు కడగాలని చాలామందికి అనిపిస్తుంది. ఆ నీటిలో లవణాలు మామూలు కంటే ఎక్కువ కాబట్టి చక్రాల వరకే వాడు. ఏసీ నుంచి బొట్లుబొట్లుగా కారే నీళ్లు మాత్రం గాలిలోని తేమ చల్లబడి వచ్చినవి, వాటిలో లవణాలు దాదాపు ఉండవు. వేసవిలో శుభ్రమైన బకెట్టు పెట్టి పట్టి, పలచని బట్టతో వడగట్టుకుని, స్ప్రే పంపులో కలపడానికీ చివరిసారి చల్లడానికీ దాచుకో. కడగడం ఎప్పుడూ నీడలోనే, బానెట్ చేతికి చల్లగా తగిలినప్పుడే మొదలుపెట్టాలి. ఆరబెట్టే తువ్వాలును పరిచి నెమ్మదిగా లాగాలి తప్ప రుద్దకూడదు.

పాలిషింగ్ మెషిను ఇప్పుడు కొనవద్దు. ఈ మాట నేను గట్టిగానే చెబుతున్నాను. కాంపౌండు అనే అరగదీసే ముద్ద పెట్టి రబ్బింగ్ చేసిన ప్రతిసారీ క్లియరు కొంత అరుగుతుంది, అరిగినది తిరిగి రాదు. ఒకే ఇరుసు మీద తిరిగే రోటరీ యంత్రం బానెట్ అంచుల దగ్గర ఒక్క క్షణం నిలిచినా వేడెక్కి క్లియరు కాలిపోతుంది. కొత్త కారుకు దాని అవసరమే లేదు. ఎప్పుడైనా నిజంగా అవసరమైతే తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యుయల్ యాక్షను రకం గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

పెయింటు రక్షణకు కార్నబా అనే చెట్టు మైనంతో చేసిన వ్యాక్సు అందంగా ఉంటుంది గానీ మన ఎండలకు నెలా రెండు నెలలకు మించి నిలవదు. రసాయనాలతో చేసిన సింథటిక్ సీలెంటు అనే పూత అంతకన్నా ఎక్కువ కాలం ఉంటుంది. నువ్వు రాసిన సిరామిక్ స్ప్రే కూడా మంచిదే, దాన్ని జాబితాలో ఉంచు. 9హెచ్ గట్టిదనం అని షోరూములో చెప్పిన మాటకు మాత్రం మోసపోకు. అది పెన్సిలుతో గీసి చూసే కొలత. కోటింగ్ వేయించినా దుమ్ము మీద పొడి గుడ్డ వేస్తే గీతలు పడతాయి. ఏ మందు పూసే ముందైనా పలచని ప్లాస్టిక్ సంచిలో చేయి పెట్టి, కడిగిన బానెట్ మీద వేళ్లు కదిపి చూడు. గరుకుగా తగిలితే ముందు క్లే, అంటే పెయింటుకు అతుక్కున్న మురికిని లాగే మెత్తటి ముద్ద వాడి, జారుడు కోసం ద్రవం చల్లుతూ దాన్ని నెమ్మదిగా నడపాలి. నేల మీద పడిన క్లే ముక్కను మళ్లీ వాడకూడదు. చక్రాలకు ఆమ్లం లేని క్లీనరు తీసుకో. ఇనుప పొడిని కరిగించే రకమైతే పొడి ఉన్నచోట ఊదారంగుకు మారి కారుతుంది, ఆరిపోకముందే నీళ్లు పోయాలి.

లోపలి భాగానికి నువ్వు రాసిన మెరిసే డ్యాష్‌బోర్డు పాలిష్ తీసివేయి. ఎండలో ఆ మెరుపు ముందు అద్దంలో ప్రతిబింబించి రోడ్డు కనిపించకుండా చేస్తుంది. మెరుపు లేని, జిడ్డు లేని రకం చాలు. స్టీరింగుకు, పెడళ్లకు ఏదీ పూయవద్దు, కాలు జారితే ప్రాణాల మీదికి వస్తుంది. ఏసీ గ్రిల్లు, బటన్ల సందుల కోసం హార్డ్‌వేరు షాపులో దొరికే ఒక అంగుళం మెత్తటి పెయింటు బ్రష్షు కొని, దాని రేకు పట్టీ చుట్టూ టేపు అంటించు. అప్పుడు రేకు ప్లాస్టిక్‌కు తగిలి గీత పడదు. టైర్లకు నీటి ఆధారిత మందు వాడు, అది కూడా పక్క గోడలకే, రోడ్డును తాకే భాగానికి వద్దు.

పిట్టల రెట్ట, వేపచెట్టు జిగురు పడిన రోజునే తీయాలి. స్ప్రే సీసా, రెండు గుడ్డలు డిక్కీలో ఎప్పుడూ ఉంచుకో. తడిపి, గుడ్డను ఒక నిమిషం దాని మీద కప్పి ఉంచి, ఎత్తి తీసేయి, గోకవద్దు.

వాడిన మైక్రోఫైబర్లను నూలు బట్టలతో కలపకుండా విడిగా లిక్విడు డిటర్జెంటుతో ఉతికించు. ఫ్యాబ్రిక్ కండిషనరు వేస్తే పోగుల మధ్య పూత పట్టి పీల్చే గుణం పోతుంది; ఆరవేయడం నీడలో. చక్రాల గుడ్డలకు మూలన మార్కరుతో గుర్తు పెట్టుకో. షాంపూ కొనే ముందు సీసా వెనక లేబులు ఫొటో తీసి నాకు పంపు, చూసి చెబుతాను. అక్కను, బావగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య