బూటు కొనేముందు బైకెక్కి కూర్చోండి

ప్రశ్న: మేడమ్, ఇన్నాళ్లూ బైక్ మీద ఆఫీసుకి వెళ్లిరావడమే. ఇప్పుడు సెలవు దొరికితే నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగి రావాలని ఉంది. హెల్మెట్, జాకెట్, గ్లవ్స్ కొనేశాను. బూట్ల దగ్గర ఆగిపోయాను. మా అన్నయ్య ఫ్యాక్టరీలో వేసుకునే సేఫ్టీ షూ ఒక జత ఇస్తానంటున్నాడు. ముందు ఇనుప టోపీ ఉంటుంది, ఇంతకంటే ఏం కావాలి అని అడుగుతున్నాడు. రైడింగ్ బూట్లు విడిగా కొనాల్సిందేనా? కొంటే ఏం చూసి కొనాలి?

జవాబు: కొనాల్సిందేనండీ. ఎందుకో నా ఎడమకాలికి బాగా తెలుసు.

తొమ్మిదేళ్ల కిందట కంకర పోసి ఉన్న చోట బండి వెనక్కి తిప్పుకుంటున్నాను. మనిషి నడిచే వేగం, అంతే. ముందు చక్రం జారి బండి ఎడమపక్కకి ఒరిగింది. ఆపుదామని కాలు పెట్టాను. కాళ్లకి మామూలు కాన్వాస్ షూ. పాదం లోపలికి మడతపడింది, దాని మీద నూట ఎనభై కిలోల బండి పడింది. తర్వాత చూస్తే షూ మీద ఒక్క గీత కూడా లేదు. లోపల చీలమండ మాత్రం రెండు చోట్ల విరిగింది. ఒక ప్లేటు, ఆరు స్క్రూలు, మూడు నెలలు చేతికర్రలు. ఈ రోజుకీ మెట్లు దిగేటప్పుడు ఎడమకాలు ముందు వేయాలంటే ఒక క్షణం ఆగుతాను.

బూటు అంటే కింద పడ్డప్పుడు చర్మం గీసుకుపోకుండా కాపాడేది అనుకుంటాం. అదొక్కటే కాదు. బండి కింద పాదం నలుగుతుంది, ఫుట్‌రెస్ట్‌కీ రోడ్డుకీ మధ్య చిక్కుకుని మెలితిరుగుతుంది. చర్మం మళ్లీ వస్తుంది, చీలమండ ఒకసారి చెడితే మునుపటిలా కావడం కష్టం. అందుకే నేను బూటులో ముందు చూసేది చీలమండ దగ్గరే. సేఫ్టీ షూ తయారయ్యింది పైనుంచి బరువు జారి వేళ్ల మీద పడితే కాపాడటానికి. చాలా వాటిల్లో చీలమండ దగ్గర గట్టి కప్పు ఉండదు. పైగా ముందుభాగం లావుగా ఉండటంతో గేర్ లివర్ కిందకి వేళ్లు సులువుగా దూరవు. అన్నయ్యగారికి థ్యాంక్స్ చెప్పి ఆ జత ఆయన దగ్గరే ఉంచమనండి.

షాపులో బూటు చేతికి రాగానే అద్దం దగ్గరికి వెళ్లకండి. ఒక చేత్తో మడమ, ఇంకో చేత్తో వేళ్ల భాగం పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలితిప్పండి. సులువుగా తిరిగిందంటే బండి కింద మీ పాదం కూడా అలాగే తిరుగుతుంది. తర్వాత సోల్ నడిమి భాగాన్ని రెండు పక్కలనుంచీ గట్టిగా అదమండి. అట్టపెట్టెలా ముడుచుకుపోయే బూటు వద్దు. వేళ్ల దగ్గర వంగడం తప్పు కాదు, వంగకపోతే నడవలేం. మడమ వెనక బొటనవేలితో నొక్కితే లోపలికి పోకూడదు. ఇక చీలమండకి బయటివైపున గట్టి కప్పు పెట్టి, లోపలివైపు ఉత్త స్పాంజితో సరిపెట్టిన బూట్లు ఉంటాయి. రెండువైపులా వేళ్లతో తడిమి చూడండి. ఎముక రెండువైపులా ఉంది కదా.

ఆ తర్వాత లేబుల్. బూటు లోపల నాలుక మీదో, పై అంచు దగ్గరో కుట్టి ఉంటుంది. బైక్ మీద కూర్చున్న మనిషి బొమ్మ, దాంతోపాటు ఈఎన్ 13634:2017 అని ఉంటే అది మోటార్‌సైకిల్ బూట్ల యూరప్ ప్రమాణం ప్రకారం పరీక్షకి నిలిచిన బూటు. దాని వెంబడే నాలుగు అంకెలు ఉంటాయి. ప్రతి అంకె ఒకటో రెండో అయి ఉంటుంది. మొదటిది బూటు ఎత్తు, రెండోది రోడ్డు మీద రాపిడికి ఎంత తట్టుకుంటుంది, మూడోది పదునైనది తగిలితే ఎంత ఆగుతుంది, నాలుగోది పక్కనుంచి నలిపితే సోల్ ఎంత గట్టిగా నిలబడుతుంది. రెండు అంటే పై స్థాయి. నేనైతే నాలుగో అంకె రెండు కాకపోతే ఆ బూటు పక్కన పెట్టేస్తాను. ఐపీఏ అన్న అక్షరాలు కూడా కనిపిస్తే చీలమండకి దెబ్బ తగిలినప్పుడు ఎంత ఆపుతుందో విడిగా పరీక్ష చేశారని అర్థం. ఇది తప్పనిసరి పరీక్ష కాదు కాబట్టి లేబుల్ ఉన్న ప్రతి బూటుకీ ఈ అక్షరాలు ఉండవు, వెతకాలి.

సైజు సంగతికొస్తే, సాయంత్రం వెళ్లండి. పొద్దంతా నిలబడి తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, దూరప్రయాణంలోనూ అంతే. రైడింగ్‌కి వేసుకునే మందం సాక్సులే వేసుకుని వెళ్లండి. ఏ కాలు పెద్దదో ఆ కాలికి సరిపోయేది తీసుకోవాలి. వేళ్లు లోపల కదలాలి, నడిస్తే మడమ పైకి లేవకూడదు. షాపులో పది నిమిషాలకే ఎక్కడైనా కరిచే బూటు వాడుతుంటే అదే సర్దుకుంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. తోలు కొంత సాగుతుంది, లోపలి ప్లాస్టిక్ కప్పు సాగదు.

అన్నిటికంటే ముఖ్యం, బూట్లు వేసుకుని మీ బండి ఎక్కి కూర్చోండి. స్టాండు మీద నిలబెట్టి, ఇంజన్ ఆపే ఉంచి, గేర్ లివర్ కింద వేళ్లు పెట్టి పదిసార్లు ఎత్తండి. ఇరుగ్గా ఉంటే బూటు మార్చేముందు మెకానిక్‌తో లివర్ కొంచెం పైకి బిగించుకోవచ్చేమో అడగండి, చాలా బళ్లకి ఆ వీలుంటుంది. తర్వాత తాళం తిప్పి, కుడికాలు మామూలుగా ఫుట్‌రెస్ట్ మీద పెట్టి, ఎవరినైనా వెనక నిలబడి బ్రేక్ లైటు చూడమనండి. మీరు బ్రేక్ తొక్కకుండానే లైటు వెలుగుతోందంటే లావు సోల్ పెడల్ మీద ఆనుతోందన్నమాట. ఇది మనకి తెలియకుండానే జరుగుతుంది. బ్రేక్ రాసుకుంటూ వేడెక్కుతుంది, వెనక వచ్చేవాళ్లకి మనం ఎప్పుడు ఆగుతున్నామో తెలియదు. నాకు తెలిసిన ఒకాయన ఇలా ఒక రోజంతా నడిపాడు, బ్రేక్ వాసన వస్తే గానీ గుర్తించలేదు.

మీ అవసరానికి పిక్క సగం దాకా వచ్చే టూరింగ్ బూటు సరిపోతుంది. రేసు బూట్లూ, మట్టిదారుల్లో వాడే మోటోక్రాస్ బూట్లూ ఇంకా గట్టివే. కానీ వాటితో దిగి నాలుగడుగులు నడవాలంటే విసుగొస్తుంది, చివరికి ఇంట్లో పెట్టి చెప్పులతో బయల్దేరతాం. అన్నిటికంటే అదే ప్రమాదం.

ప్రశ్న: వాటర్‌ప్రూఫ్ అని చెప్పిన బూట్లు కొన్నాను. గంటసేపు వానలో వెళితే లోపల నీళ్లు నిండాయి. మోసపోయానా?

జవాబు: అప్పుడే అనుకోకండి. వానలో మీ ప్యాంటు ఎక్కడుంది? బూటు లోపలికి దోపుకుని ఉంటే తొడల మీద పడ్డ నీళ్లన్నీ జారి నేరుగా బూటులోకి దిగుతాయి. లోపల ఉండే పొర చెమట ఆవిరిని నెమ్మదిగా బయటికి పంపుతుందే తప్ప చేరిన నీళ్లని పంపదు. గోర్‌టెక్స్ లాంటి వాటర్‌ప్రూఫ్ పొరల పని తీరే అది. ఆవిరి పోగలిగేంత పెద్దవీ, నీటిబొట్టు దూరలేనంత చిన్నవీ అయిన రంధ్రాలు. అందుకని రెయిన్ ప్యాంటు ఎప్పుడూ బూటు పైనుంచి వేసుకుని కింద బిగించండి. ఒకసారి అలా వెళ్లి చూడండి, అప్పటికీ తడిస్తే షాపుకి తీసుకెళ్లి అడగండి.

తడిసిన బూటుని ఎండలోనో హీటర్ ముందో పెట్టొద్దు, తోలు బిర్రబిగిసి పగులుతుంది. లోపలి అట్ట బయటికి తీసి, న్యూస్‌పేపర్లు ఉండలు చుట్టి కుక్కి నీడలో ఉంచండి. రెండు మూడు గంటలకోసారి ఆ ఉండలు మార్చాలి. ఈ చిన్న పనికే చాలామంది బద్ధకిస్తారు.

ప్రశ్న: నేను పొట్టిగా ఉంటాను. సిగ్నల్ దగ్గర ఆగితే వేళ్లు మాత్రమే ఆనుతాయి, ప్రతిసారీ టెన్షన్. మందం సోల్ బూట్లు వేసుకోవచ్చా?

జవాబు: వేసుకోవచ్చు. రైడింగ్ బూట్లలోనే లోపల కొంచెం ఎత్తు పెట్టి చేసినవి దొరుకుతాయి. ఫ్యాషన్ హైహీల్ బూట్లు మాత్రం వద్దు, మడమ సన్నగా ఉంటే కంకరలోనూ తడిరోడ్డు మీదా నిలవదు. మందం పెరిగితే బ్రేక్, గేర్ కాలికి అంతగా తెలియవు కాబట్టి మొదటి వారం ఖాళీ రోడ్డులో అలవాటు చేసుకోండి. సీటు ఫోమ్ కొంచెం చెక్కించుకుంటే ఇంకా హాయి. ఒక మాట, రెండు కాళ్లూ పూర్తిగా ఆనక్కర్లేదు. సీటు మీద కాస్త పక్కకి జరిగి ఎడమకాలు పూర్తిగా ఆనించి, కుడికాలు బ్రేక్ మీదే ఉంచి ఆగడం నేర్చుకోండి. జారని సోల్ మీకు ఎత్తు సోల్ కంటే ఎక్కువ అవసరం.

ప్రశ్న: మా బావగారు ఏడెనిమిదేళ్ల కిందట కొని, ఒక్కసారీ వేసుకోకుండా డబ్బాలో ఉంచిన రైడింగ్ బూట్లు మా అబ్బాయికి ఇస్తామంటున్నారు. కొత్తవే కదా, తీసుకోవచ్చా అమ్మా?

జవాబు: చూడటానికి కొత్తవే. కానీ సోల్ పాలీయురెథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసిందైతే గాల్లో తేమ తగిలి ఏళ్లు గడిచేకొద్దీ లోలోపలే చివికిపోతుంది, వాడకుండా ఉంచినా ఆగదు. నేనూ ఒక జత ఇలాగే అపురూపంగా దాచుకుని, ప్రయాణం రోజున తీసి వేసుకున్నాను. గేటు దాటేలోపే మడమ దగ్గర సోల్ ఎండిన కేకులా పొడిపొడిగా రాలిపోయింది. ఇంటి దగ్గరే జరిగింది కాబట్టి సరిపోయింది.

సోల్ అంచు మీద గోరు గట్టిగా గుచ్చి చూడండి. పొడి రాలినా, జిగటగా అంటుకున్నా, సోల్‌కీ పైభాగానికీ మధ్య సన్నని చీలిక కనిపించినా అబ్బాయికి ఇవ్వకండి. అలాంటిదేమీ లేకపోతే రెండుమూడు రోజులు ఇంట్లో వేసుకుని మెట్లు ఎక్కిదిగమనండి. లేసుల బూట్లయితే ముడి వేశాక మిగిలిన కొసలు లోపలికి దోపుకోవడమో, వెల్‌క్రో పట్టీ కింద నొక్కడమో అలవాటు చేయండి. వేలాడే లేసు గేర్ లివర్‌కి చుట్టుకుంటే ఆగినప్పుడు కాలు కింద పెట్టడానికి రాదు, బండి అటే పడుతుంది.