కారు టాప్ మీద యాంటెన్నా పెట్టుకుని ఇచ్ఛాపురం వెళ్తున్న మేనకోడలికి

చిన్నమ్మలూ,

మొన్న రాత్రి అక్క ఫోన్ చేసి నన్ను కడిగేసింది. "నీ మేనకోడలు కారుకి వైర్‌లెస్ పెట్టుకుని హైదరాబాద్ నుంచి ఇచ్ఛాపురం దాకా ఒక్కతే వెళ్తుందట. నేర్పింది నువ్వే కదా, ఇప్పుడు నువ్వే చెప్పుకో" అంది. నీకు హ్యామ్ లైసెన్సు, అదే సరదాగా వైర్‌లెస్‌లో మాట్లాడుకునేవాళ్ళకి ఇచ్చే లైసెన్సు, వచ్చినప్పుడు వీధంతా స్వీట్లు పంచింది ఆవిడే. ఇప్పుడు తప్పంతా నాది. పోనీలే. తుపాన్ల సీజను ముదరకముందే దారంతా ఒకసారి మాట్లాడి చూసుకోవాలన్న నీ ఆలోచన మాత్రం నాకు భలే నచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఒక్కటీ పలకలేదు. కరెంటు లేదు, టవర్లు లేవు. పక్క వీధిలో ఉన్న మీ పెద్దమ్మ ఎలా ఉందో తెలుసుకోవడానికి పడిపోయిన చెట్లు దాటుకుంటూ నడిచి వెళ్ళాను. కారు బ్యాటరీ మీద నడిచే సెట్టు అలాంటప్పుడు ఎంత పనికొస్తుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

అక్క భయం నువ్వు ఒంటరిగా వెళ్తున్నావని. నా భయం అది కాదు, డ్రైవింగ్‌లో నువ్వు మీ నాన్న కంటే నయం. నా భయమంతా నీ కారు వెనక బండి మీద వచ్చేవాడి గురించి.

ముందు తెలిసిన సంగతులు కానిచ్చేద్దాం. లైసెన్సు కాపీ కారులో పెట్టుకో. పవర్ వైరుకి బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వెయ్యి. బయల్దేరే ముందు ఎస్‌డబ్ల్యూఆర్ చూసుకో, అదే యాంటెన్నాకి పంపిన పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత. బండి నడుపుతూ లాగ్, అంటే ఎవరితో మాట్లాడావో ఆ లెక్క, రాయకు. అంతే.

ఇక మ్యాగ్ మౌంట్, అదే టాప్ మీద అయస్కాంతంతో అతుక్కునే యాంటెన్నా బేస్. దాని మీదకి నువ్వు కొన్నది 5/8 విప్ అట, అంటే తరంగం పొడవులో ఎనిమిదింట ఐదు వంతులుండే కడ్డీ, ఫోటో చూశాను. సుమారు 1.3 మీటర్లు, కింద కాయిల్. చూడ్డానికి బాగుంది. కానీ 145 మెగాహెర్ట్జ్‌కి క్వార్టర్ వేవ్ విప్, అంటే తరంగంలో నాలుగో వంతుది, అర మీటరే కదా. హైవే మీద ఆ చిన్నది పెట్టుకో, ఎక్కడైనా ఆగి దూరం మాట్లాడాలనుకున్నప్పుడు పొడుగుది బిగించుకో. ఈ మాట నీకు నచ్చదని తెలుసు. అయినా ఎందుకు చెప్తున్నానంటే, వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుంది. 60లో కదలని యాంటెన్నా 120లో కూడా కదలదని లెక్కేసుకోకు. పైగా విప్ ఎంత పొడుగుంటే గాలి అంత పైనుంచి పట్టుకుని బేస్‌ని తిరగదోస్తుంది. అయస్కాంతాన్ని నిట్టనిలువుగా పైకి లాగి చూసి "అబ్బో, ఎంత గట్టిగా ఉందో" అనుకుంటాం. గాలి అలా లాగదు. అప్పడాన్ని ఒక అంచు పట్టుకుని లేపినట్టు లేపుతుంది. ఒక పక్క వెంట్రుకవాసి లేచిందా, మిగతాది క్షణంలో వచ్చేస్తుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. మీ నాన్న పుణ్యమా అని కళ్ళారా చూశాను. ఈ కథ ఆయన నీకు చెప్పి ఉండడు, చెప్పినా లారీవాడిది తప్పని చెప్పి ఉంటాడు.

నీకు అప్పటికి నాలుగో ఐదో ఏళ్ళు. మీ నాన్న మొదటి కారు కొన్న కొత్త. వెండి రంగు. దాని మీద కాకి వాలితే కూడా ఓర్చుకునేవాడు కాదు. సంక్రాంతికి విశాఖ నుంచి అందరం ఊరికి బయల్దేరాం. అప్పట్లో ఆ రోడ్డుని ఎన్‌హెచ్-5 అనేవాళ్ళం, ఇంకా నాలుగు లైన్లు కాలేదు. ముందు సీట్లో మైకు పట్టుకుని నేను, వెనక కిటికీకి తల ఆనించి నిద్రపోతూ నువ్వు. బయల్దేరే ముందు బావ ఏం చేశాడో తెలుసా? పెయింటు గీసుకుపోతుందని పాత స్కూటర్ ట్యూబు కోసి, రెండు మడతలు వేసి, అయస్కాంతం కింద పెట్టాడు. "బావా, తీసెయ్. బేస్‌కి కంపెనీ వేసిన పల్చటి ఫిల్మ్ ఉండనే ఉంది" అన్నాను. "నీకేం, నీది పాత కారు" అన్నాడు.

మధ్యలో ఖాళీ కాస్త పెరిగినా అయస్కాంతం పట్టు అమాంతం పడిపోతుంది. పట్టు ఒక్కటే కాదు, ఆ బేస్‌కీ టాప్ రేకుకీ మధ్య ఎంత తక్కువ ఎడం ఉంటే రేకు అంత బాగా గ్రౌండ్‌గా, అంటే యాంటెన్నాకి రెండో సగంలా, పనిచేస్తుంది. ఆ రోజు ఎస్‌డబ్ల్యూఆర్ ముల్లు ఎప్పుడూ లేనంత పైకి పోయింది. అదొక హెచ్చరిక. సెట్టు పాడైందని మీ నాన్న తీర్పిచ్చాడు.

రణస్థలం దగ్గర ఎదురుగా లోడు లారీ దాటింది. దాని గాలి తగలగానే టాప్ మీద టక్కుమని ఒక్క చప్పుడు, ఆ వెంటనే నీ తల పక్కన అద్దం మీద దబదబా బాదిన చప్పుడు. యాంటెన్నా కోయాక్స్‌కి, అంటే సెట్టు నుంచి వచ్చే కేబుల్‌కి, వేలాడుతూ డోరుని కొడుతోంది. మీ నాన్న కంగారులో సడన్ బ్రేక్ వేశాడు. దాంతో కేబుల్ బేస్‌లో టంకం దగ్గర ఊడిపోయి, అరకిలో పైనున్న ఆ ఇనుప ముద్ద రోడ్డు మీద దొర్లింది. వెనక టీవీఎస్ మీద రెండు పాల క్యాన్లతో ఒకాయన వస్తున్నాడు. దాన్ని తప్పించబోయి ఇసుకలోకి దిగి పడ్డాడు.

దేవుడి దయ, మోచెయ్యి దోక్కుపోయింది, అంతే. పాలన్నీ నేలపాలు. ఆయన మమ్మల్ని ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. కూర్చుని తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ "పండగ పాలు బాబూ" అన్నాడు. మీ నాన్న డబ్బులిస్తుంటే చేతులు వణికాయి. కారు చూస్తే డోరు మీద వరసగా సొట్టలు, అద్దం అంచున పగులు. రబ్బరు ముక్క మాత్రం ఎండకి కొత్త పెయింటుకి అతుక్కుని టాప్ మీదే ఉంది. పీకితే నల్లటి మరక మిగిలింది. ఆ కారు అమ్మేదాకా అది పోలేదు. నువ్వు మాత్రం లేచి "ఊరొచ్చేసిందా" అన్నావు.

అందుకే కింద ఏమీ పెట్టకు. గుడ్డ వద్దు, మ్యాటు వద్దు, స్టిక్కరు కూడా వద్దు. పెయింటుకి అసలు శత్రువు అయస్కాంతం కాదు, దాని కింద ఇరుక్కున్న ఇసుక. పెట్టే ముందు టాప్ తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టు. బేస్ అడుగున వేలితో నిమురు, ఇనుప రజను మీసాల్లా అంటుకుని ఉంటుంది. టేపు అతికించి లాగేస్తే వచ్చేస్తుంది. పెట్టాక అరచేత్తో పక్కకి గట్టిగా తొయ్యి. జారిందంటే చోటు మార్చు.

నీ కారుకి సన్‌రూఫ్ ఉందని అక్క మురిసిపోతూ చెప్పింది. నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది. గాజుకి అయస్కాంతం పట్టదు, అల్యూమినియానికీ ప్లాస్టిక్‌కీ పట్టదు. సన్‌రూఫ్ వెనకాల రేకు ఎంత మిగిలిందో చూడు. అక్కడ గాడులు లేకుండా బేస్ మొత్తం సమంగా కూర్చోవాలి. టాప్ నడిమధ్య ఉంటేనే అన్ని వైపులా సమానంగా వినపడుతుంది, నిజమే, కానీ మధ్యలో చోటు లేకపోతే వెనక్కి జరపడమే. సిగ్నల్ కాస్త తగ్గితే తగ్గనీ.

ఇప్పుడు అసలు సంగతి. తాడు కట్టు. అయస్కాంతం ఎంత గొప్పదైనా కట్టు. సన్నటి గట్టి నైలాన్ తాడు బేస్ మెడకి, అంటే విప్ బిగించే చోటికి కింద, ముడేసి రెండో కొస రూఫ్ రెయిల్‌కి కట్టు. రెయిల్ లేకపోతే వెనక డోరు పైనుంచి లోపలికి తెచ్చి హ్యాండిల్‌కి కట్టు. తాడు కోయాక్స్ కంటే పొట్టిగా ఉండాలి, లేకపోతే బరువంతా మళ్ళీ కేబుల్ మీదే పడుతుంది. బేస్ ఊడినా టాప్ మీదే పడి ఉండేంత పొట్టిగా, డోరు పక్కకి జారి వేలాడనంత పొట్టిగా ఉండాలి. కోయాక్స్ తాడు కాదు తల్లీ, దాని పని వేరే.

ఒకవేళ చప్పుడు వినిపిస్తే మీ నాన్నలా బ్రేక్ తొక్కకు. యాక్సిలరేటర్ వదిలి, ఇండికేటర్ వేసి, మెల్లగా ఎడమ పక్కకి తీసుకో. రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన మీద పక్కగాలి ఉంటుంది, అక్కడ ఎవరైనా పిలిచినా పలక్కు.

కేబుల్‌ని డోరు బీడింగ్ మందంగా ఉన్న చోట లోపలికి తీసుకురా, రేకు అంచు మీదుగా వద్దు, నలిగిపోతుంది. లోపల సెట్టు దగ్గరికి వెళ్ళే ముందు ఒకసారి కిందికి వంపు తిప్పు. వాననీళ్ళు కేబుల్ పట్టుకుని వస్తే ఆ వంపు దగ్గర కారిపోతాయి, సెట్టులోకి పోవు. రాత్రి ఎక్కడ ఆగినా విప్ పట్టుకుని పీకకుండా బేస్ అంచు పట్టి పైకి లేపి తీసెయ్, ఈడ్చకు. ఏటీఎం కార్డుల పర్సు దాని పక్కన పెట్టకు. రోజుల తరబడి ఒకే చోట వదిలేస్తే కింద తడి చేరి తుప్పు మొదలవుతుంది.

సోంపేట దాటి మీ నానమ్మ వీధిలోకి తిరిగే ముందు ఆపి, పొడుగు విప్ ఉంటే ఊడదీసెయ్. ఆ వీధిలో సర్వీసు వైర్లు వేలాడుతుంటాయి. చేత్తో వంచి పోనిద్దాంలే అనుకోకు, నా మాట విను. ఉరుములు మొదలైతే కూడా అంతే, ఆగి సెట్టు ఆపెయ్.

తుని దాటాక మనం అనుకున్న ఫ్రీక్వెన్సీలో పిలు. వినపడకపోయినా పిలుస్తూ ఉండు, కొండలు దాటగానే దొరుకుతావు. మీ అత్తయ్య రొయ్యల ఇగురు వండుతానంటోంది, మధ్యాహ్నానికి మా ఇంట్లో ఉండాలి.

బయల్దేరే ముందు నాకు ఫోటో పంపు. నువ్వు కారుకి ఆనుకుని నవ్వుతున్న ఫోటో అక్కకి పంపుకో. నాకు కావాల్సింది తాడు ముడి, దగ్గర్నుంచి తీసింది.

మీ మావయ్య