మీ ప్రశ్న, డాక్టరు జవాబు: బుడమేరు దిగిపోయింది, దగ్గు పోలేదు

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. 2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు వాగు పొంగి నీళ్లు ఇంట్లోకొచ్చి వారం పైనే ఉన్నాయి. అప్పట్నుంచి మా అత్తగారికి దగ్గు, రాత్రిళ్లు పిల్లికూతలు. బీరువా వెనక గోడకి నల్ల మచ్చలు, రెండుసార్లు రంగు వేయించినా మళ్లీ వచ్చాయి. మా బాబుకి తొమ్మిదేళ్లు. మబ్బు పట్టిందంటే చాలు, స్కూలు బ్యాగు, చెప్పులు తీసుకెళ్లి బీరువా మీద పెట్టేస్తాడు. మా ఆయనేమో 'ఎప్పుడో అయిపోయినదానికి ఇంకా ఏంటి' అని విసుక్కుంటారు. ఇదంతా వరద వల్లేనా, నా చాదస్తమా?
– ఒక పాఠకురాలు, సింగ్‌నగర్

జవాబు: చాదస్తం కానే కాదమ్మా. నీళ్లు దిగాయి, బురద కడుక్కున్నాం, కింది ఇళ్లకి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు అని పరిహారం ప్రకటించారు, దాంతో లెక్క తేలిపోయిందనుకున్నాం అందరం. ఒంటి లెక్క, మనసు లెక్క అంత తొందరగా తేలవు.

ముందు అత్తగారి సంగతి. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా కళ్లె పరీక్ష చేయించాల్సిందే, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, టీబీ కాదని తేలితే సగం టెన్షన్ పోతుంది. ఇంకోటి, ఆవిడ బీపీ మాత్రలు వాడుతుంటే ఆ షీటు తీసుకెళ్లి డాక్టరుకి చూపించండి. ఆ వారం మందుల సంచితో మీ వైపు పడవలో తిరిగినవాళ్లలో నేనూ ఉన్నాను, జ్వరం బిళ్లలకన్నా 'అయ్యా, నా బీపీ మాత్రలు కొట్టుకుపోయాయి, షుగర్ మందు ఉందా' అని అడిగినవాళ్లే ఎక్కువ, పాత మాత్ర పేరు గుర్తులేక చాలామందికి కొత్త రకం మొదలైంది. కొన్ని రకాల బీపీ మాత్రలకి పొడి దగ్గు వస్తుంది. అలాగని మీ అంతట మీరు ఆపేయొద్దు, డాక్టరే మారుస్తారు. పిల్లికూతలున్నాయి కాబట్టి ఊపిరి ఊదించి చూసే పరీక్ష కూడా అడగండి. ఇన్‌హేలర్ రాస్తే 'అలవాటైపోతుందేమో' అని భయపడి మానిపించకండి, మందు నేరుగా ఊపిరితిత్తులకి వెళ్తుంది, మోతాదు కూడా తక్కువే.

ఇక ఆ గోడ. అది బూజు, తడి ఉన్నంతకాలం పెరుగుతూనే ఉంటుంది, దాని ధూళి పీలిస్తే ఆయాసం ఉన్నవాళ్లకి ఇంకా ఎక్కువవుతుంది. రంగు వేయిస్తే తడి లోపలే బందీ అయిపోతుంది తప్ప బూజు చావదు. గోరుతో గీకి చూడండి, పొడి రాలుతోందంటే నీళ్లు నిలిచిన ఎత్తు దాకా ప్లాస్టరింగ్ కొట్టించి, ఇటుక కనబడేలా ఎండాకాలమంతా వదిలేసి, పూర్తిగా ఆరాక మళ్లీ పూత పూయించాలి. ఖర్చుతో కూడిన పనే, తెలుసు. అప్పటిదాకా బీరువాని గోడకి జానెడు దూరం జరిపి గాలి ఆడనివ్వండి, మూతికి గుడ్డ కట్టుకుని బ్లీచింగ్ నీళ్లతో తుడవండి, అత్తగారి మంచం వేరే గదిలో వేయండి. బ్లీచింగ్‌లో బాత్రూం యాసిడ్ మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది, చాలామంది బాగా శుభ్రం అవుతుందని రెండూ కలిపేస్తారు. వరదలో నానిన దూది పరుపు ఎండబెట్టి దాచుకుని ఉంటే దయచేసి పారేయండి.

బాబు గురించి చదువుతుంటే నా మనసు అక్కడే ఆగిపోయింది. ఆ బ్యాగు దించెయ్యకండి, తిట్టకండి. ఆ రోజు వాడి చేతిలో ఏమీ లేదు, ఇప్పుడు బ్యాగు పైన పెట్టడం ఒక్కటే వాడు చేయగలిగిన పని. మీరూ పక్కన నిలబడి 'ఇంకా ఏం పెడదాంరా' అని అడగండి, కాగితాలు, టార్చిలైటు, నాయనమ్మ మందులు ఒక సంచిలో సర్ది, నీళ్లొస్తే మనం ఎవరి మేడ మీదకి వెళ్తామో వాడికి చూపించండి. నిద్రలో ఉలిక్కిపడటం, పక్క తడపడం, బడికి వెళ్లనని మొండికేయడం లాంటివి కూడా ఉంటే 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్, ఉచితం, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీ ఆయనకి ఇది చదివి వినిపించండి. 2005లో అమెరికాలో కత్రినా తుపాను దెబ్బతిన్న ప్రాంతాల్లో అవే మనుషుల్ని ఏడాది తరవాత మళ్లీ కలిసి చూస్తే, మానసిక బాధలు తగ్గకపోగా పెరిగాయి. డబ్బు, ఇల్లు, పని సమస్యలు తీరకపోవడం అందులో పెద్ద కారణం. మన దగ్గర బండి, ఫ్రిజ్జు, కుట్టుమిషను పోయి అప్పు చేసినవాళ్ల సంగతీ అంతే కదా. విసుక్కునే మగవాళ్లలో చాలామంది లోపల ఆ వాయిదాలే లెక్కపెట్టుకుంటుంటారు, ఆయన్ని కూడా ఒకసారి కూర్చోబెట్టి అడగండి.

ఒక్క పని చేయండమ్మా. మీ లైనులో పది ఇళ్లకి వెళ్లి ఎవరికి దగ్గుంది, ఎవరికి నిద్ర లేదు, ఎవరి మందులు ఆగిపోయాయి అని ఒక నోటుబుక్కులో రాసి మీ ఆశా కార్యకర్తకి, అర్బన్ హెల్త్ సెంటర్‌లో డాక్టరుకి ఇవ్వండి. ఒక్కరు వెళ్తే దగ్గు మందు రాసి పంపేస్తారు, పది ఇళ్ల చిట్టా పట్టుకెళ్తే వీధిలోనే క్యాంపు పెట్టమని గట్టిగా అడగొచ్చు.

ప్రశ్న: మాది గుంటూరు. వరదప్పుడు నాలుగు రోజులు విజయవాడ పాయకాపురంలో నడుంలోతు నీళ్లలో అన్నం ప్యాకెట్లు పంచాం. అప్పుడు తొడల్లో మొదలైన దురద ఇంకా పోలేదు, ఇప్పుడు నా భార్యకీ వచ్చింది. మెడికల్ షాపు ట్యూబు రాస్తే తగ్గుతుంది, మానేస్తే మళ్లీ వస్తుంది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి సోకే ఎలుక జ్వరం ఇన్నాళ్లకి బయటపడుతుందా అని కూడా భయంగా ఉంది.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ నాలుగు రోజులు మీలాంటి కుర్రాళ్లే లేకపోతే చాలా ఇళ్లలో పొయ్యి వెలిగేది కాదు, మీకు దండం. ఎలుక జ్వరం భయం వదిలేయండి, అది వస్తే మురుగునీళ్లలో దిగిన రెండు నుంచి ముప్పై రోజుల్లోపే వస్తుంది. మీది తామరలా ఉంది, చూస్తేగానీ ఖాయంగా చెప్పలేం. వరదలో అంటుకునే ఉండొచ్చు, ఇన్నాళ్లు పోకపోవడానికి మాత్రం ఆ ట్యూబు మీదే నా అనుమానం. అలాంటి చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది, దురద రెండ్రోజుల్లో చల్లారుతుంది, తామర లోలోపల పాకుతుంది. ట్యూబు పట్టుకుని ఇద్దరూ ఒకేసారి చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లండి. మచ్చ కనబడకుండా పోయాక కూడా ఆయన చెప్పినన్ని రోజులు మందు వాడాలి. తువ్వాళ్లు వేరు చేసుకోండి, లోదుస్తులు వేడినీళ్లలో ఉతికి ఎండలోనే ఆరేయండి, బిగుతు జీన్సు కొన్నాళ్లు పక్కన పెట్టండి.