కొత్త కార్బన్లు వేసినా డ్రిల్లులో నిప్పులు వస్తున్నాయా? కమ్యుటేటర్ మీద గోరు పెట్టి చూడండి

పాత డ్రిల్లింగ్ మిషను స్విచ్ నొక్కగానే వెనక గాలి సందుల్లోంచి నిప్పులు కనిపిస్తున్నాయి, కార్బన్లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న ముక్కలు) మార్చినా తగ్గలేదు, మోటారు పోయినట్టేనా అని ఒకరు అడిగారు. అప్పుడే పోయిందనుకోకండి. అరగంట సమయం, ఒక మల్టీమీటరు ఉంటే తేలిపోతుంది.

ముందు ఆ నిప్పుల్ని సరిగ్గా చూడాలి. కార్బన్ అంచున ఆవగింజంత నీలి రవ్వలు చిటపటలాడుతుంటే భయం లేదు, కొత్త మిషనులోనూ అవి ఉంటాయి. పసుపురంగు మంట తోక సాగి, కమ్యుటేటర్ చుట్టూ, అంటే కార్బన్లు రాసుకునే రాగి పలకల డ్రమ్ము చుట్టూ ఉంగరంలా తిరుగుతుంటే మాత్రం వెంటనే ఆపేయండి. ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) తీగ చుట్టలో ఏదో తెగింది, లేదా కలిసిపోయింది.

ప్లగ్గు పీకేసి కార్బన్లు బయటికి తీయండి. ఏది ఏ పక్కది, ఏ ముఖం ఎటు ఉందో గుర్తు పెట్టుకోండి. కొత్తగా 15 మి.మీ. ఉన్న కార్బన్ 5, 6 మి.మీ.కి వచ్చిందంటే రెండూ కలిపి మార్చాలి. హోల్డరులో కార్బన్ తన బరువుకి తాను జారాలి, పక్కలకి మాత్రం ఊగకూడదు. సైజు దొరక్కపోతే పెద్దది కొని గచ్చు మీద అరగదీసి వేసేస్తారు. నాలుగు పక్కలా సమంగా అరగదు, లోపల వంకరగా నిలబడుతుంది, నిప్పులు అక్కడే మొదలు. "ఏదైనా ఒకటే, వేసేయండి" అని చేతిలో పెట్టే కౌంటర్ల మాట వినకండి. కార్బన్ జాతి కూడా ముఖ్యమే. పాత డైనమోల్లో రాగి తీగల కుచ్చులు వాడేవాళ్లు, అందుకే ఇప్పటికీ కార్బన్‌ని బ్రష్ అంటున్నాం. 1885లో జార్జ్ ఫోర్బ్స్ ఆ స్థానంలో కార్బన్ తెచ్చాడు. బ్రష్ రెండు రాగి పలకల్ని ఒకేసారి తాకినప్పుడు వాటి మధ్య చుట్ట షార్టు అవుతుంది. కార్బన్‌కి ఉన్న నిరోధం ఆ కరెంటుని అదుపులో పెడుతుంది. అందుకే వేరే మోటారు కార్బన్ సైజు సరిపోయినా నిప్పులు రావచ్చు.

కొత్త కార్బన్ ముఖం బల్లపరుపుగా ఉంటుంది, కమ్యుటేటర్ గుండ్రం. 400 నంబరు సాండ్ పేపర్ పట్టీని గరుకు వైపు కార్బన్‌కి తగిలేలా డ్రమ్ముకి చుట్టి, చేత్తో తిప్పి ముఖాన్ని ఒంపుకి తెచ్చి, పొడి ఊదేయండి. తర్వాత లోడు లేకుండా నెమ్మదిగా పది పదిహేను నిమిషాలు నడపాలి. ఎమెరీ పేపర్ మాత్రం వాడొద్దు. దాని గట్టి రేణువులు రాగిలో గుచ్చుకుని కొత్త కార్బన్‌ని తినేస్తాయి.

ఎక్కువ మంది వదిలేసేది కమ్యుటేటర్‌ని. దాన్ని బాగా వెలుతురులో పెట్టి చూడండి. ఆరోగ్యంగా ఉంటే చుట్టూ ఒకే తీరున లేత చాక్లెట్ రంగులో ఉంటుంది. రాగి పలకల మధ్య సన్నని గీతల్లో కనిపించేది అభ్రకం. రాగి అరుగుతుంది, అభ్రకం అంత తొందరగా అరగదు. కొన్నేళ్లకి రెండూ ఒకే మట్టానికి వస్తాయి, తర్వాత అభ్రకమే పైకి లేస్తుంది. ఇక కార్బన్ ప్రతి పలక దగ్గరా ఎగిరి పడుతుంటుంది. 24 పలకల కమ్యుటేటర్ నిమిషానికి 20,000 చుట్లు తిరిగితే సెకనుకి 8,000 సార్లు ఎగరడం! ఎగిరిన ప్రతిసారీ ఒక రవ్వ. ఎన్ని కార్బన్లు మార్చినా ఇది తగ్గదు.

పరీక్ష చాలా తేలిక. చుట్టూ గోరుతో అడ్డంగా గీయండి. ప్రతి సందులోనూ గోరు తగులుకోవాలి. నున్నగా జారిపోతే సందులు లోతు చేయాల్సిందే. హ్యాక్సా బ్లేడు పళ్ల పక్కల్ని గ్రైండరు మీద పట్టి, అభ్రకం మందానికి పల్చన చేసి, ఒక్కో సందులో అర మిల్లీమీటరు లోతు గీకాలి. పలక అంచున లేచిన రాగి ముళ్లని తీసేసి, పాత టూత్‌బ్రష్‌తో పొడి దులపాలి. కమ్యుటేటర్‌లో గాడి పడినా, గుండ్రం తప్పినా ముందు లేత్ మీద వెంట్రుకవాసి కోత పెట్టించి, తర్వాత సందులు గీకాలి. రివైండింగ్ (మోటారుకి కొత్త తీగ చుట్టే) షాపుల్లో చాలా చోట్ల లేత్ పని చేసి ఈ గీకుడు వదిలేస్తారు. అడిగి చేయించుకోండి.

గేర్ల వైపునుంచి గ్రీజు కారి కార్బన్ పొడితో కలిసి ముద్దయి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. పెట్రోలు జోలికి వెళ్లొద్దు. షాఫ్టుని పక్కలకి కదిపి చూస్తే ఆట (వదులు) కనిపించిందా, బేరింగు మార్చాలి. దాని మీద 607, 608, 626 లాంటి నంబరు ఉంటుంది, అదే నంబరు తెచ్చుకోండి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే ఇక మీటరు. 200 ఓంల రేంజిలో పెట్టి పక్కపక్క పలకల జతల్ని వరసగా చుట్టూ కొలవండి. అంకె ఎంత అన్నది కాదు, అన్నిటికీ ఒకటే రావాలి. ఒక జత బాగా తగ్గితే షార్టు, బాగా పెరిగితే తీగ తెగింది. తెగిన చోట పలక అంచు నల్లగా కాలి గుంట పడి కూడా ఉంటుంది. పలకకీ షాఫ్టుకీ మధ్య ఏ రీడింగూ రాకూడదు. ఇనుప బాడీ ఉన్న పాత మిషనులో ఇక్కడ రీడింగు వస్తే చేతికి షాకు కొట్టొచ్చు, వాడటం మానేయండి. ఆర్మేచర్ చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డ్ కాయిళ్లు రెండూ ఒకే ఓంలు చూపించాలి.

ఆర్మేచర్ రివైండింగ్ అయి వచ్చాక నిప్పులు మొదలైతే మాత్రం తప్పు కార్బన్‌ది కాదు. చుట్ట కొసల్ని ఒక పలక అటో ఇటో కలిపేసి ఉండొచ్చు. రివర్స్ ఉన్న మిషనైతే రెండు వైపులా తిప్పి చూడండి, ఒక వైపు బాగా తగ్గి ఇంకో వైపు మండుతుంటే అదే. పాత తీగ ఊడదీయకముందే ఆర్మేచర్‌లో ఏ గాడిలోని చుట్ట కొస ఏ పలకకి వెళ్లిందో గుర్తు పెట్టుకోమని చెప్పాలి. కొన్ని మిషన్లలో రివర్స్‌కి కార్బన్ హోల్డర్ల రింగే తిరుగుతుంది. అది చివరిదాకా వెళ్లి టక్కున కూర్చోకపోయినా ఇలాగే మండుతుంది.

అన్నీ బిగించాక నేరుగా ప్లగ్గులో పెట్టకండి. 200 వాట్ల ఫిలమెంటు బల్బుని సిరీస్‌లో (మిషనుకి వెళ్లే ఒక తీగ మధ్యలో) పెట్టి స్విచ్ పూర్తిగా నొక్కండి, ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి, మోటారు అందుకోగానే కాస్త మసకబారాలి. మోటారు మూలుగుతూ బల్బు నిండుగానే వెలుగుతుంటే మళ్లీ విప్పి చూడాలి.