రోడ్డు ప్రమాదం జరిగితే 108 వచ్చేదాకా ఆగాలా, ఆటోలో వేసుకుని పరిగెత్తాలా?

ముందు 108కి ఫోన్ చేయండి. 2005లో హైదరాబాద్‌లోనే మొదలైన సర్వీసు ఇది, ఫోన్‌లో వాళ్లు చెప్పినట్టు చేయండి. చోటు సరిగ్గా చెప్పడం ముఖ్యం. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు ఫ్లైఓవర్ కింద అయితే పిల్లర్ నంబర్ చెబితే చాలు.

అంబులెన్స్ వచ్చేలోపు ప్రాణం తీసేది చాలాసార్లు రక్తం పోవడమే. చున్నీ, కర్చీఫ్, ఏది శుభ్రంగా ఉంటే అది మడతపెట్టి గాయం మీద పెట్టి అరచేతులతో గట్టిగా అదిమి పట్టుకోండి, ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూడకండి, తడిసిపోతే దాని మీదే ఇంకో గుడ్డ వేసి అదమండి.

మనవాళ్లు ప్రేమతోనే వెంటనే నీళ్ల సీసా అందిస్తారు కానీ దయచేసి వద్దు, స్పృహ సరిగ్గా లేకపోతే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాళ్లూ చేతులూ పట్టుకుని లేపడం కూడా వద్దు, మెడకి దెబ్బ తగిలి ఉంటే అంతటితో చేతులూ కాళ్లూ పడిపోవచ్చు. మంటలు గానీ, మీదికొచ్చే బండ్లు గానీ ఉంటే తప్ప కదపకండి. స్పృహ లేకుండా వాంతి చేసుకుంటుంటే మాత్రం తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా ఇద్దరు ముగ్గురు కలిసి పక్కకి తిప్పండి. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ జోలికి పోవద్దు.

అంబులెన్స్ ఎంతకీ రాకపోతే, రక్తం ఆగకపోతే, అప్పుడు ఆటో అయినా సరే, వెనక సీట్లో పడుకోబెట్టి అదిమిన చెయ్యి తీయకుండా తీసుకెళ్లండి.

పోలీసు కేసు టెన్షన్ అక్కర్లేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ ప్రకారం మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు పెట్టడానికి లేదు, మీ పేరు చెప్పమని బలవంతం కూడా చేయకూడదు.